పైన ఇచ్చే పది రూపాయలు ఎవరి ఖాతాకు?

ఈనాం నోటు నుంచి ఫోనుకు మారింది. ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయ్ క్షౌరశాలల్లో ఆ సొమ్ము కత్తెర పట్టిన చేతికి చేరుతోందా?

ఆదివారం ఉదయం భిలాయ్ ఉక్కు నగరంలోని సెక్టార్ మార్కెట్లలో కూరగాయల దుకాణాలకన్నా ముందు రద్దీ కనిపించేది క్షౌరశాలల దగ్గరే. రాత్రి పదింటికి కర్మాగారంలోకి వెళ్లి ఉదయం ఆరింటికి బయటపడ్డ కార్మికుడు, తండ్రి వేలు పట్టుకొని వచ్చిన బడిపిల్లవాడు, ఉద్యోగ విరమణ చేసి క్వార్టరు ఖాళీ చేసినా పాత మార్కెట్టును వదలలేని పెద్దమనిషి, అందరూ ఒకే బల్లమీద కూర్చొని తమ వంతు కోసం ఎదురుచూస్తారు. అద్దం ముందు నిలబడ్డ కారీగర్, అంటే యజమాని దగ్గర కుర్చీ పట్టుకొని పనిచేసే క్షురకుడు, బ్లేడును కాగితపు పొట్లంతో సహా నిలువునా రెండుగా విరిచి, ఒక సగాన్ని ఎదుటివాడి కళ్లముందే కత్తిపిడిలో బిగించి, రెండో సగాన్ని పొట్లంలోనే దాచి పని మొదలుపెడతాడు. గడ్డం గీయడం ముగిశాక పటిక రాయి రుద్ది, మెడమీద పౌడరు బ్రష్షు ఆడించి, కప్పిన గుడ్డను దులిపే దాకా ఈ వ్యవహారమంతా ఎన్నో ఏళ్లుగా దాదాపు ఇలాగే ఉంది.

మారిపోయిందల్లా దాని తరువాతి అరనిమిషమే. జేబులోంచి నోటుకు బదులు ఫోను బయటికి వస్తుంది, అద్దం మూలన అంటించిన క్యూఆర్ కోడ్‌ను చూపిస్తే ఎన్ని రూపాయలు ముట్టాయో గల్లాపెట్టె పక్కనున్న చిన్న డబ్బా దుకాణమంతటికీ వినపడేలా హిందీలో ప్రకటిస్తుంది. బోర్డుమీది ధరకు పైన పదో ఇరవయ్యో కలిపి పంపినవాడు కారీగర్ వైపు చూసి తల ఊపి వెళ్లిపోతాడు. ఆ సొమ్ము ఎవరి ఖాతాలో పడిందన్న ఆలోచన అతనికి రాదు. సెలూన్లో ఈనాం ఎంత ఇవ్వాలన్న పాత ప్రశ్నకన్నా, ఇచ్చింది ఎవరికి చేరుతోందన్న ఈ కొత్త ప్రశ్నే నిజానికి పెద్దది.

కుర్చీ లెక్క

భిలాయ్‌లోనే కాక దేశంలోని చిన్న పట్టణాల సెలూన్లలో విస్తారంగా నడిచేది వాటాల పద్ధతి. దుకాణం అద్దె, కరెంటు, అద్దాలు, కుర్చీలు, క్రీములు యజమానివి కాగా పని కారీగర్‌ది. ఒక్కో కుర్చీమీద రోజంతా వచ్చిన రాబడిని రాత్రి తలుపులు వేసే ముందు ఇద్దరూ పంచుకుంటారు, చాలాచోట్ల సగం సగం. కొందరు యజమానులు నెలజీతం ఇస్తారు, కొన్నిచోట్ల కారీగరే కుర్చీకి రోజువారీ అద్దె కట్టి తక్కినది ఉంచుకుంటాడు. ఏ పద్ధతిలోనైనా కస్టమర్ మెచ్చి విడిగా చేతిలో పెట్టింది మాత్రం పూర్తిగా కారీగర్‌దేనన్నది ఈ వృత్తిలో అందరూ ఒప్పుకున్న కట్టుబాటు.

ఈ లెక్కలో కస్టమర్లు సాధారణంగా గమనించని సంగతి ఒకటుంది. కటింగ్ ధర వంద రూపాయలు, వాటా సగం అనుకుంటే కారీగర్‌కు దక్కేది యాభై. అదే పైన ఇచ్చిన పది రూపాయలు నేరుగా అతని జేబులో పడితే, అవి అతనికి ఇరవై రూపాయల పనితో సమానం. ఆ పదిని ధరతో కలిపి యజమాని ఖాతాకు పంపితే, యజమాని దాన్ని మామూలు రాబడిగా లెక్కవేసినప్పుడు కారీగర్‌కు దక్కేది ఐదు, బోర్డు ధర ప్రకారమే వాటా తేల్చినప్పుడు సున్నా. ఇచ్చినవాడి మనసులో మార్పు లేదు, ఇచ్చిన మొత్తంలోనూ మార్పు లేదు, నడిచిన దారి ఒక్కటే మారింది.

వాటామీద బతికే మనిషికి పని లేని రోజంటే రాబడి లేని రోజు. మంగళవారం క్షవరం కూడదన్న నమ్మకం తెలుగువారికీ హిందీవారికీ ఉమ్మడిదే. దానికి తోడు హిందీ ప్రాంతంవారిలో చాలామంది గురువారం, శనివారం కూడా కత్తెర తగలనివ్వరు, తెలుగు కుటుంబాలు శుక్రవారాన్ని తప్పిస్తాయి. అన్ని ప్రాంతాలవారూ కలిసి బతికే భిలాయ్‌లో ఈ నిషేధాలన్నీ కలగలిసి, వారంలోని సింహభాగం రాబడిని ఆదివారం మీద తెచ్చి పడేస్తాయి. ఈనాం రాలేదంటే ఆ లోటు కూడా ఆ ఒక్క రోజే ఎక్కువగా తెలుస్తుంది.

చిల్లర పోయింది, ఈనాం తగ్గింది

నగదు రోజుల్లో ఈనాం చాలావరకు ఉదారతతో కాక చిల్లర కొరతతో పుట్టేది. నోటు ఇచ్చినవాడికి తిరిగి రావలసిన మొత్తం చిన్నదై, గల్లాపెట్టెలో చిల్లర లేకపోతే, 'రఖ్ లో', అంటే ఉంచుకో, అనేసి లేచిపోవడమే అలవాటు. దానివల్ల ఇచ్చినవాడు పెద్దగా ఇచ్చినట్టు భావించేవాడు కాదు, పుచ్చుకున్నవాడు అడిగినట్టూ ఉండేది కాదు. పావలా, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెల్లుబాటు కోల్పోయిన తరువాత ఈ చిల్లర రూపాయల్లోకి పెరిగింది కూడా.

ఆ అలవాటును మొదట కదిలించింది 2016 నవంబరు 8 నాటి పెద్దనోట్ల రద్దు. అదే ఏడాది ఏప్రిల్‌లో జాతీయ చెల్లింపుల సంస్థ యూపీఐని, అంటే ఒక బ్యాంకు ఖాతా నుంచి మరో ఖాతాకు ఫోను ద్వారా అప్పటికప్పుడు డబ్బు పంపే ఏర్పాటును ప్రారంభించి ఉండడంతో, నోట్లు దొరకని జనానికి ప్రత్యామ్నాయం అందుబాటులోకి వచ్చింది. 2020 జనవరి 1 నుంచి యూపీఐ చెల్లింపులపై వ్యాపారి దగ్గర రుసుము వసూలు చేయకూడదన్న నిబంధన అమలైంది. ఆ ఏడాదే కోవిడ్ వచ్చి సెలూన్లను మూయించి, తెరిచిన తరువాత కూడా నోటు ముట్టుకోవడానికి జనాన్ని భయపెట్టింది. వీటన్నిటి ఫలితంగా కిళ్లీకొట్టు నుంచి చెట్టుకింది కుర్చీ దాకా క్యూఆర్ కోడ్ పాకింది.

ఫోను చెల్లింపులో చిల్లర అనేది ఉండదు. ధర ఎనభై అయితే సరిగ్గా ఎనభయ్యే పోతుంది, మిగిలేదీ లేదు, వదిలేసేదీ లేదు. ఇప్పుడు ఈనాం ఇవ్వాలంటే మనిషి ప్రత్యేకంగా తలచుకొని, అంకె మార్చి టైపు చేసి, రహస్య సంఖ్య నొక్కాలి. అనాలోచితంగా జరిగిపోయే పని ఆలోచించి చేయవలసిన నిర్ణయంగా మారినప్పుడు చాలామంది ఆ నిర్ణయాన్ని వాయిదా వేస్తారు. వీరందరినీ పిసినారులనడం న్యాయం కాదు. నిన్నటిదాకా వీరి చేత ఇప్పించిన సందర్భమే ఇవాళ లేకుండా పోయింది.

గుట్టు విప్పే డబ్బా

మడిచి అరచేతిలో పెట్టిన నోటుకు ఒక గోప్యత ఉండేది. ఎంత ఇచ్చారో బల్లమీద కూర్చున్నవారికి తెలియదు, గల్లా దగ్గరున్న యజమాని చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. అంకెను బిగ్గరగా చదివే డబ్బా ఈ గోప్యతను తీసేసింది. మోసపు చెల్లింపుల నుంచి దుకాణదారును కాపాడడానికి పుట్టిన ఈ పరికరానికి నెలనెలా అద్దె కట్టేది యజమాని, అది వినిపించేదీ యజమాని ఖాతాలో పడ్డ సొమ్మునే. అది నూట ఇరవై అని చదవగానే ధర వందేనని తెలిసినవారందరికీ ఈనాం ఎంతో అర్థమవుతుంది. తరువాత లేచేవాడు తానూ అంత ఇవ్వాలేమోనని ఇబ్బందిపడతాడు, లేదా ఇవ్వలేనని తలదించుకొని వెళ్తాడు. పది రూపాయలు ఇవ్వగలిగిన కాంట్రాక్టు కార్మికుడికీ, వంద ఇవ్వగలిగిన అధికారికీ మధ్యనున్న తేడాను నోటు దాచినంత బాగా ఈ డబ్బా దాచలేదు.

దీనివల్ల ఒక మేలు లేకపోలేదు. న్యాయంగా ఉండే యజమాని దగ్గర ఈ ప్రకటనే సాక్ష్యం. కారీగర్ తన కుర్చీ దగ్గర నిలబడే ఆ అంకె విని, ధరకు పైనున్నది తన పేరిట నోటుబుక్కులో రాయించుకోగలడు. అయితే రద్దీ వేళ మూడు కుర్చీల చెల్లింపులు ఒకదానివెంట ఒకటి వినిపిస్తుంటే ఏ అంకె ఎవరిదో రాత్రి దాకా గుర్తుంచుకోవడం కష్టం. పైగా వాటా పంచే చేతిని పట్టుకొని, ఆ ఇరవై నావేనని గట్టిగా అడగడానికి కొత్తగా చేరిన కుర్రవాడికి ధైర్యం చాలదు.

కళ్లం గింజల నుంచి రేటు బోర్డుకు

ఈనాం అనేది విదేశీ హోటళ్ల నుంచి వచ్చిన కొత్త మోజు అనుకోవడానికి లేదు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో మంగలి, చాకలి, కమ్మరి, పశువుల కాపరి వంటి వృత్తులవారు ఊరంతటికీ ఏడాది పొడుగునా పనిచేసి, పంట చేతికొచ్చినప్పుడు ఇంటికింత అని ధాన్యం పుచ్చుకొనే ఏర్పాటు ఉండేది. ఇటువంటి వృత్తులన్నిటినీ కలిపి పౌనీ-పసారీ అని పిలుస్తారు. తెలుగు పల్లెల్లో ఇదే ఏర్పాటు ఆయం, మేర అన్న పేర్లతో సాగింది. రైతు ధాన్యాన్ని ఇంటికి తోలుకునే ముందే కళ్లంలో ఆయగాళ్ల వాటా కొలిచి ఇవ్వడం రివాజు. క్షవరం చేయడంతోపాటు పుండ్లకు కట్టుకట్టడం, పెళ్లిళ్లలో సన్నాయి, డోలు వాయించడం మంగలి ఇంటి మగవారి పని కాగా, కాన్పులు చూసే మంత్రసాని పని చాలా ఊళ్లలో ఆ ఇంటి ఆడవారిదే.

ఈ పద్ధతిలో పనికింత అన్న ధర లేదు కాబట్టి పనికింత అన్న ఈనాం కూడా లేదు. దాని బదులు పుట్టువెంట్రుకలు, పెళ్లి, పండుగ వంటి సందర్భాల్లో బియ్యం, బట్టలు, కానుక పుచ్చుకోవడం హక్కుగానే సాగేది. హక్కుగా వచ్చింది కాబట్టి అడగడంలో చిన్నతనం లేకపోవచ్చు గానీ, కొలిచే చేయి ఎప్పుడూ పైనే ఉండేదన్నదీ నిజమే. చేతికి తగలకుండా పైనుంచి విడవడం, గుమ్మం బయట నిలబెట్టడం వంటి అవమానాలు ఆ గింజలతోపాటే వచ్చేవి. అదే వ్యవస్థ దళితులకు క్షవరం చేయరాదన్న ఆంక్షను క్షురకుడిమీద పెట్టి, ఒకరి అవమానాన్ని మరొకరి చేతుల మీదుగా నడిపించింది.

---

బాక్స్: వృత్తిదారులకు ఏమున్నాయి?

● ఛత్తీస్‌గఢ్‌లో క్షురకుల సంక్షేమం కోసం రాష్ట్ర ప్రభుత్వపు కేశ శిల్పి కల్యాణ మండలి ఉంది.

● 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో క్షురక వృత్తి ఒకటి. పరికరాలకు రూ.15,000, తక్కువ వడ్డీకి తొలి విడత లక్ష, మలి విడత రెండు లక్షల రూపాయల దాకా రుణం ఇందులో ముఖ్యమైనవి. డిజిటల్ చెల్లింపు ఒక్కింటికి ఒక రూపాయి వంతున, నెలకు వంద చెల్లింపుల దాకా ప్రోత్సాహకం కూడా ఉంది.

● తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి సెలూన్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత విద్యుత్తు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూన్‌లో మొదలైన జగనన్న చేదోడు పథకం కింద సెలూన్లున్న నాయీ బ్రాహ్మణులకు ఏడాదికి రూ.10,000 ఇచ్చారు.

● సెలూన్ సేవలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఏడాది రాబడి రూ.20 లక్షలు దాటని చిన్న దుకాణాలకు సాధారణంగా ఈ పన్ను వర్తించదు.

---

ఉక్కు నగరం తెచ్చిన మార్పు

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించే నాటికి, దుర్గ్ పక్కన వరిపొలాల మధ్య సెక్టార్లుగా గీసిన కొత్త నగరం లేచి నిలిచింది. దేశం నలుమూలల నుంచి వచ్చినవారిలో ఉత్తరాంధ్ర పల్లెల నుంచి కదిలిన తెలుగు కుటుంబాలు గణనీయం. సెక్టార్-5లోని బాలాజీ ఆలయం, ఖుర్సీపార్‌లోని తెలుగు వాడలు ఆ వలసకు నేటికీ కనిపించే ఆనవాళ్లు. ఊరు వదిలిన రైతుబిడ్డ జీతగాడయ్యాడు, అతనికి కళ్లం లేదు, కొలిచి ఇవ్వడానికి ధాన్యం లేదు. పల్లె వదిలి వచ్చిన క్షురకుడికి ఊరిమీద హక్కు లేదు, ఊరికి అతనిమీద పెత్తనమూ లేదు. ఈ ఇద్దరి మధ్యకు రేటు బోర్డు వచ్చి చేరింది.

ఆ బోర్డు చేసిన మేలు చిన్నది కాదు. ఒకే కర్మాగారంలో ఒకే రంగు హెల్మెట్ పెట్టుకునేవారు ఒకే కుర్చీలో వంతులవారీగా కూర్చోవలసి రావడంతో, పల్లెలో ఎవరి తల ఎవరు ముట్టుకోవాలన్నదానిమీద ఉండిన పట్టింపులు ఇక్కడ నిలవలేకపోయాయి. కులాన్ని ఈ నగరం తుడిచేసిందనడం అతిశయోక్తి అవుతుంది, పెళ్లి సంబంధాల దగ్గర అది చెక్కుచెదరలేదు. కానీ సెలూన్ కుర్చీలో ధర చెల్లించినవాడు కేవలం కస్టమర్ కావడం, పైన ఇచ్చేది పెత్తనానికి గుర్తు కాక పనికి మెప్పు కావడం ఈ మార్పుతోనే సాధ్యమైంది. ఇక్కడి వాడుకలో క్షురకుణ్ణి ఠాకుర్ అనో, భయ్యా అనో గౌరవంగా సంబోధిస్తారు, తెలుగువారు అన్నా అని పిలుస్తారు. పల్లెల్లో పిలుపు చివర వినిపించిన ఏకవచనం ఇక్కడ చెల్లదు.

కర్మాగారంలో శాశ్వత ఉద్యోగుల సంఖ్య దశాబ్దాలుగా తగ్గుతూ, కాంట్రాక్టు కార్మికుల పాలు పెరుగుతూ రావడం సెలూన్ల మీదా ప్రభావం చూపింది. దుర్గాపూజకు ముందు వచ్చే బోనస్‌లో కొంత తీసి ఏడాదికోసారి తన ఠాకుర్‌కు ముట్టజెప్పే పాత ఉద్యోగుల తరం ఇళ్లు మారి వెళ్లిపోతోంది. వారి స్థానంలో వచ్చిన కాంట్రాక్టు కార్మికుడికి ఆ స్థాయి బోనస్ లేదు. అతని దగ్గర ఈనాం ఆశించడం కూడా సబబు కాదని కారీగర్లకు తెలుసు.

ఎంత ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి

భారతదేశంలో క్షురకుడికి ఇంత శాతం ఇవ్వాలన్న నియమం ఎక్కడా లేదు. వాడుకలో కనిపించేది పై అంకెకు సరిచేసే పద్ధతి, అంటే ఎనభై ధరకు వంద, నూట ముప్పైకి నూట యాభై ఇచ్చి లేవడం. అంతకు మించి ఇవ్వడం సందర్భాన్నిబట్టి ఉంటుంది. ఏడ్చే పసివాడి తలను గాయం కాకుండా ఓపికగా కత్తిరించినప్పుడు, మంచానపడ్డ ముసలివారికి ఇంటికొచ్చి గడ్డం గీసినప్పుడు, రాత్రి దుకాణం మూసే వేళ పెళ్లివారి కోసం మళ్లీ తెరిచినప్పుడు పైకం కాస్త ఎక్కువే ఉండాలి. ఇంటికి పిలిపించుకున్నప్పుడు రాకపోకల సమయంలో ఆ మనిషి కుర్చీ ఖాళీగా ఉంటుందన్న లెక్క వేసుకుంటే ఎంతన్నది దానికదే తేలుతుంది.

కత్తి పట్టినవాడే యజమాని అయితే ఈనాం తప్పనిసరి కాదన్నది అనేక దేశాల్లో ఉన్న మర్యాద. భిలాయ్ గుమ్టీల్లో, అంటే రోడ్డు పక్క రేకు దుకాణాల్లో, యజమానీ కారీగరూ తరచు ఒక్కడే. అతనికి పైన ఇవ్వకపోయినా ఎవరూ తప్పుపట్టరు గానీ, దసరా ఆయుధపూజకు కత్తెరా కత్తీ కడిగి బొట్టుపెట్టిన రోజునో, దీపావళికో ఇచ్చే మిఠాయి పొట్లాన్నీ నోటునూ అతను కాదనడు. నేర్చుకుంటున్న కుర్రవాడు తల తడిపి, గుడ్డ కప్పి, నేల ఊడ్చి, చివర తల మర్దన చేస్తాడు. అతనికి వాటా ఉండదు కాబట్టి విడిగా ఐదో పదో ఇవ్వడం మర్యాద తెలిసినవారి పని.

ధర అడిగినప్పుడు 'జో సమఝ్ మే ఆయే దే దో', అంటే తోచింది ఇవ్వమనడం, ఇంటి శుభకార్యాల్లో తరచు వినిపించే మాట. ఆ మాటను ఆసరా చేసుకొని తక్కువ ఇవ్వడం చాలా మొరటుతనం. అలాగే జుట్టు బాగా కుదరలేదని ఈనాం ఎగ్గొట్టి మౌనంగా వెళ్లడంకన్నా, కుర్చీలో ఉన్నప్పుడే చెప్పి సరిచేయించుకోవడం ఇద్దరికీ మంచిది.

కత్తెరకు ధర కట్టని సందర్భాలు

తెలుగు ఇళ్లలో రేటు బోర్డు పనిచేయని సందర్భాలు కొన్ని మిగిలే ఉన్నాయి. పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు మేనమామ ఒడిలో బిడ్డను కూర్చోబెట్టుకుంటే, కత్తి పట్టినవాడి ముందు పళ్లెంలో బియ్యం, తాంబూలం, బట్ట, రూపాయలు పెడతారు. వచ్చిన చుట్టాలు తలా ఒక నోటు అందులో వేస్తారు. పెళ్లికొడుకును చేసే రోజున గోళ్లు తీసే తంతుకూ ఇదే వరస. ఈ పళ్లెం దగ్గరకు ఫోను ఇంకా చేరలేదు, చేరితే బాగుండదని అందరికీ తెలుసు కాబట్టి ఆ రోజు ముందుగానే కొత్త నోట్లు తెచ్చిపెట్టుకుంటారు.

మరణం తరువాత కర్మకాండలో జరిగే క్షవరం ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ బేరం ఆడరు, ఎంతని అడగరు, ఇచ్చినది లెక్కపెట్టుకోవడం కూడా ఆ చోట కాదు. భిలాయ్‌లో తెలుగు క్షురకుడు దొరకని వాడల్లో హిందీవారు, ఛత్తీస్‌గఢీవారు వచ్చి ఈ పని చేస్తారు. వారికి తెలుగు తంతు తెలియకపోయినా పెద్దలు పక్కనుండి చెబితే నడిచిపోతుంది. ఇటువంటి చోట ముందే ఒక పెద్దమనిషి విడిగా మాట్లాడి, మొత్తాన్ని కవరులో పెట్టి, పని ముగిశాక పక్కకు పిలిచి ఇవ్వడం పద్ధతి. బాధలో ఉన్న ఇంటివారి ముందు ఫోను తీసి క్యూఆర్ అడగడం ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ఎబ్బెట్టే.

---

బాక్స్: కల్యాణకట్టలో కానుక

తిరుమల కల్యాణకట్టలో తలనీలాల సమర్పణ ఉచితం. క్షురకులకు డబ్బు ఇవ్వవద్దని దేవస్థానం భక్తులను కోరుతూ వస్తోంది, డబ్బులు అడుగుతున్నారన్న ఫిర్యాదులూ తనిఖీలూ అప్పుడప్పుడు వార్తల్లోకి ఎక్కుతుంటాయి. మొక్కు తీరిన సంతోషంలో భక్తుడు తానుగా ఇచ్చేదీ, ఎదుటివాడు చేయి చాచి అడిగేదీ ఒకటి కాకపోయినా, చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. సమర్పించిన తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. ఆ రాబడి దేవస్థానానిదే.

---

ఈనాం జీతం కాదు: సుప్రీంకోర్టు

సెలూన్ ఈనాం గురించి విడిగా చట్టం లేకపోయినా, హోటల్ ఉద్యోగుల విషయంలో వచ్చిన తీర్పులు ఇక్కడికీ వెలుగునిస్తాయి. కస్టమర్లు కార్డు బిల్లులో కలిపి చెల్లించిన టిప్పులను హోటల్ యాజమాన్యం ఉద్యోగులకు పంచినప్పుడు, దాన్ని జీతంగా భావించి మూలంలోనే పన్ను కోయాలా అన్న ప్రశ్న ఐటీసీ సంస్థ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 2016 ఏప్రిల్‌లో న్యాయమూర్తులు కురియన్ జోసెఫ్, రోహింటన్ నారీమన్‌ల ధర్మాసనం, ఆ సొమ్ము యజమాని ఇచ్చేది కాక కస్టమర్ ఇచ్చేది కాబట్టి జీతం కాదనీ, దాన్ని వసూలు చేసి పంచే యజమాని ధర్మకర్త వంటి స్థానంలో మాత్రమే ఉంటాడనీ తేల్చింది. ఇక్కడ ధర్మకర్త అంటే ఇతరుల సొమ్మును వారి తరఫున చేతిలో ఉంచుకున్నవాడు. అంతకు నాలుగు దశాబ్దాల ముందే, జైపూర్ రాంబాగ్ ప్యాలెస్ హోటల్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ టిప్పును యజమాని ఇచ్చే వేతనంతో కలిపి చూడడానికి ఒప్పుకోలేదు.

ఆ తీర్పులు పన్ను గురించీ వేతనం గురించీ ఇచ్చినవే, భిలాయ్ సెలూన్ యజమానిమీద వాటితో దావా వేయగలమని చెప్పలేం. అయినా వాటి తర్కం ఇక్కడికి అతికినట్టు సరిపోతుంది. తన క్యూఆర్‌లో పడ్డ అదనపు పది రూపాయలు యజమాని రాబడి కాదు, అవి రాత్రిదాకా అతని దగ్గర ఆగిన పరాయి సొమ్ము.

పని కాకముందే టిప్పు అడగడం మరో కొత్త పోకడ. టాక్సీ యాప్‌లు ప్రయాణానికి ముందే టిప్పు చెల్లించమని తెరమీద చూపించడాన్ని 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ప్రశ్నించి, ఉబర్‌కు నోటీసు పంపింది. ఇంటికి వచ్చి క్షవరం చేసే యాప్ సేవలు పెద్ద నగరాల నుంచి చిన్న పట్టణాలకు దిగివచ్చే కొద్దీ ఈ తగవు సెలూన్ల వాకిట్లోకీ వస్తుంది.

---

బాక్స్: ఇతర దేశాల్లో

అమెరికాలో క్షురకుడికి బిల్లులో 15 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం మామూలు. భిలాయ్ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ యువతరం తొలి కటింగ్‌లోనే ఈ లెక్క నేర్చుకుంటుంది. ఇదే అమెరికాలో 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పులను నిషేధిస్తూ చట్టం చేసింది, మరికొన్ని రాష్ట్రాలు దాన్ని అనుసరించాయి, 1926కల్లా అన్నీ రద్దయ్యాయి. 2025 జూలైలో వచ్చిన చట్టం టిప్పుల ఆదాయంలో ఏడాదికి 25 వేల డాలర్ల దాకా కొన్నేళ్లపాటు ఆదాయపు పన్ను మినహాయింపునిచ్చింది. జపాన్‌లో టిప్పు ఇచ్చే ఆచారమే లేదు. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 1 నుంచి, వచ్చిన టిప్పులన్నిటినీ యజమాని కోత లేకుండా పనివారికే పంచాలన్న చట్టం అమలులో ఉంది.

---

ఎవరి క్యూఆర్?

బ్రిటన్ చట్టంతో సాధించినదాన్ని భిలాయ్ సెక్టార్ మార్కెట్లో ఒక చిన్న స్టిక్కర్‌తో సాధించవచ్చు. ప్రతి కుర్చీ ఎదుటి అద్దంమీద ఆ కారీగర్ సొంత క్యూఆర్‌ను విడిగా అంటించి, ధర గల్లా దగ్గర, ఈనాం ఇక్కడ అని పక్కన రాస్తే చాలు. దీనికి యజమానులు చెప్పే అభ్యంతరం తోసిపుచ్చదగ్గది కాదు. కస్టమర్ పొరపాటునో, కారీగర్ సైగతోనో మొత్తం ధరను ఆ ఖాతాకే పంపితే దుకాణం వాటా ఎలా రాబట్టాలన్నది వారి భయం. కానీ అనుమానం మొదలైన చోట మంచి కారీగర్ నిలవడు, వారం తిరక్కుండానే ఎదురు దుకాణంలో కుర్చీ వెతుక్కుంటాడు, అతని చేతికి అలవాటుపడ్డ కస్టమర్లూ అతని వెనకే వెళ్తారు. ఆ లెక్కన చూస్తే, కారీగర్ ఈనాం అతనికి సక్రమంగా చేర్చడం యజమానికి ఖర్చు కాదు.

నోటుబుక్కు పద్ధతి మధ్యేమార్గం. ధరకు మించి పడిన ప్రతి చెల్లింపు పక్కన కుర్చీ నంబరు రాసుకొని, రాత్రి వాటా పంచేటప్పుడు ఈనాంను విడిగా, కోత లేకుండా ఇవ్వడం ఇందులో జరిగేది. ఇది యజమాని నిజాయితీమీద ఆధారపడ్డ ఏర్పాటు కాబట్టి, కస్టమర్ కూడా పైన పంపేటప్పుడు 'ఇది భయ్యాది' అని గల్లా దగ్గర వినపడేలా ఒక్క మాట అనడం మంచిది. ఎవరినీ నొప్పించని ఆ మాటతో లెక్క తేలుతుంది.

విశ్వకర్మ పథకంలోని చెల్లింపుకొక రూపాయి ప్రోత్సాహకం కూడా పథకంలో నమోదైన వృత్తిదారు తానుగా చేసే, పుచ్చుకునే చెల్లింపులకే వర్తిస్తుంది, కస్టమర్ సొమ్మంతా యజమాని క్యూఆర్‌కే పోయే చోట కుర్చీ దగ్గరున్నవాడికి అది చాలావరకు అందని పండే. కేశ శిల్పి కల్యాణ మండలి వంటివి పరికరాల పంపిణీతోపాటు, కుర్చీ వాటామీద పనిచేసేవారి పేర ఖాతా, క్యూఆర్ ఇప్పించే పని పెట్టుకుంటే దాని ఫలితం మొదటి ఆదివారమే కనిపిస్తుంది.

అప్పటిదాకా నగదే సులువైన దారి. అధిక శాతం ఏటీఎంలలో వంద లేదా రెండు వందల నోట్లు తప్పకుండా ఉంచాలని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో బ్యాంకులను ఆదేశించింది గానీ, పది రూపాయల నోటు వాటిలో దొరకదు. ధరను ఫోనులో చెల్లించి ఈనాంను చేతికి ఇవ్వదలచినవారు, వారమంతా కూరల దగ్గరా పాల దగ్గరా వచ్చిన పది నోట్లు రెండు మూడు ఆదివారానికని విడిగా తీసిపెట్టుకోవాలి. అదీ కుదరనివారు కారీగర్‌ను ఒక్కసారి అడిగి అతని నంబరు ఫోనులో దాచుకుంటే, ఇంటికి వెళ్లాక తీరిగ్గా పంపవచ్చు, అది ఏ డబ్బాలోనూ వినిపించదు కూడా.